యజమాని వచ్చేదాకా

ఒకరి సొత్తును కొన్నాళ్లపాటు చూసుకునే బాధ్యత ఎప్పుడో ఒకప్పుడు అందరికీ వస్తుంది. అన్నయ్య ఆపరేషన్ కోసం హైదరాబాద్ వెళ్తే ఊళ్లో ఎరువుల కొట్టు తమ్ముడి చేతికొస్తుంది. హెడ్‌మాస్టరు గారు దీర్ఘకాలం సెలవు పెడితే సీనియర్ టీచరు ఇన్‌చార్జి అవుతారు. అధికారం సగమే ఉంటుంది, జవాబుదారీ మాత్రం మొత్తం మన మీదే పడుతుంది. నాయకత్వం గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి గానీ, ఈ మధ్యకాలపు పెత్తనం గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఈ అధ్యాయం దాని గురించే.

ఇందుకు ఆస్ట్రేలియా ఎడారిలోని కారవాన్ పార్కును ఉదాహరణగా తీసుకుంటున్నాను. నేనూ మా ఆవిడా అక్కడ అలాంటి పార్కు ఒకటి యజమానుల తరఫున కొంతకాలం చూసుకున్నాం. ఆ పని నేర్పినంత బాగా ఏ శిక్షణా తరగతీ నేర్పదని నా నమ్మకం. అక్కడ నిర్లక్ష్యం సాయంత్రానికల్లా బయటపడుతుంది. దాన్ని సరిదిద్దడానికి పక్క ఊరి నుంచి ఎవరో వస్తారనుకోవడానికి, పక్క ఊరే వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

కారవాన్ అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు. మంచం, పొయ్యి, ఫ్రిజ్ ఉంటాయి, కొన్నిట్లో స్నానాల గది కూడా. ఉద్యోగ విరమణ చేసిన దంపతులు నెలల తరబడి వీటిలో దేశం చుట్టి వస్తుంటారు. వాళ్లని అక్కడ గ్రే నోమాడ్స్ అంటారు. రాత్రి ఆగడానికి వాళ్లకి చదునైన జాగా, కరెంటు ప్లగ్గు, నీళ్ల కుళాయి, శుభ్రమైన బాత్రూములు, అందరూ కలిసి వాడుకునే వంటశాల కావాలి. ఇవన్నీ ఉన్న చోటే కారవాన్ పార్కు. ఒక్కో జాగాని సైట్ అంటారు. చాలా పార్కులు భార్యాభర్తలు కలిసి నడిపేవే. వాళ్లు సెలవుకో వైద్యానికో వెళ్లినప్పుడు వచ్చి చూసుకునేవాళ్లు రిలీఫ్ మేనేజర్లు. 2024 నుంచి 18–30 ఏళ్ల భారతీయుల్లో కూడా ఏటా వెయ్యిమందికి ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా ఇస్తోంది. దాని మీద వెళ్లే మన పిల్లలు ఇలాంటి మారుమూల ఊళ్లలో గదులు శుభ్రం చేసే పనితో మొదలుపెట్టి, యజమాని ఊరెళ్లేటప్పుడు తాళాల గుత్తి అందుకోవలసి రావచ్చు. ఈ మాటలు ముఖ్యంగా వాళ్లు వింటే బాగుండునని రాస్తున్నాను.

మేం పనిచేసిన ఊరి పేరు కూబర్ పీడీ. అడిలైడ్ నుంచి స్టువర్ట్ హైవే మీద ఉత్తరంగా 846 కిలోమీటర్లు. 1915 ఫిబ్రవరిలో విల్లీ హచిసన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడు, తండ్రితో పాటు బంగారం వెతికే బృందంలో వచ్చి, ఇక్కడ ఓపల్ అనే విలువైన రాయి కనిపెట్టాడు. అప్పటి నుంచి ఓపల్ కోసం జనం వచ్చి తవ్వుతూనే ఉన్నారు. వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అందుకే చాలామంది గుట్టల్ని తొలిచి లోపల ఇళ్లు కట్టుకున్నారు. వాటిని డగౌట్లంటారు. బయట ఎంత మండుతున్నా లోపల దాదాపు 24 డిగ్రీలే. కారవాన్‌లో వచ్చేవాళ్లకి ఆ సుఖం లేదు. రేకు పెట్టెలాంటి గదిలో ఉంటారు. వాళ్లకి నీడా నీళ్లూ కరెంటూ సమకూర్చడమే పార్కు చూసుకునేవాళ్ల పని.

మొదటి మెట్టు అప్పగింత. వెళ్లే యజమాని తొందరలో ఉంటాడు. కాగితాల దొంతర, కంప్యూటర్ పాస్‌వర్డ్, తాళాల గుత్తి ఇచ్చి “అన్నీ రాసి పెట్టాను” అంటాడు. అన్నీ రాసి ఉండవు. ఏళ్ల తరబడి ఒకే చోట పనిచేసినవాళ్లకి తమకేం తెలుసో తమకే గుర్తుండదు. నీళ్ల మెయిన్ వాల్వు ఎటు తిప్పితే మూసుకుంటుంది, ఏ సైట్ దగ్గర ప్లగ్గు వదులుగా ఉంటుంది, మరుగుదొడ్డి ట్యాంకు తోడే మనిషి ఫోన్ ఎత్తకపోతే ఎవరికి చెప్పాలి, ఇవన్నీ వాళ్ల చేతుల్లోనూ కాళ్లలోనూ ఉంటాయి. కాబట్టి కుర్చీలో కూర్చుని అప్పగింత తీసుకోకండి. పార్కంతా రెండుసార్లు నడవండి. మొదటిసారి ఆయన ముందు నడిచి చూపిస్తాడు. రెండోసారి మీరు ముందు నడిచి, ప్రతి వాల్వు, ప్రతి స్విచ్‌బోర్డు, ప్రతి గ్యాస్ సిలిండర్ దగ్గర ఆగి, అదేం చేస్తుందో మీ నోటితో చెప్పండి. ఆయన దిద్దుతాడు. ఆ దిద్దుళ్లలోనే అసలు విషయం దొరుకుతుంది. తరవాత మీ చేత్తోనే ఒక పటం గీసుకోండి. అచ్చు వేసిన పటం ఆఫీసు గోడ మీద ఉన్నా సరే గీయండి.

ఆ నడకలోనే ఇంకొక ప్రశ్న అడగాలి: “మిమ్మల్ని అడగకుండా నేను ఎన్ని డాలర్లదాకా ఖర్చు పెట్టొచ్చు?” ఇది అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. డబ్బు సంగతి మొదట్లోనే ఎత్తితే ఏమనుకుంటారో అన్న బెరుకు. కానీ నీళ్ల మోటారు రాత్రి పదకొండింటికి ఆగిపోయి, యజమాని విమానంలో ఉన్నప్పుడు, ఆ ఒక్క అంకె మిమ్మల్ని కాపాడుతుంది. అంకె ఆయన నోట వచ్చాక చిన్న మెయిల్‌లో రాసి పంపించి, సరేనన్న జవాబు తెప్పించుకోండి.

ఇక నీళ్లు. ఈ ఊరి పని మొత్తంలో బరువైనది ఇదే. కూబర్ పీడీలో ఏడాది మొత్తానికి కురిసే వాన 150 మిల్లీమీటర్లు, అటు ఇటుగా. మనం కరువు సీమ అని చెప్పుకునే అనంతపురంలో 550 దాకా పడుతుంది. తాగే నీరు ఊరికి సుమారు 24 కిలోమీటర్ల ఉత్తరాన భూగర్భం నుంచి తోడతారు. ఉప్పు నీరది. గొట్టాల్లో ఊళ్లోకి తెచ్చి, రివర్స్ ఆస్మోసిస్ పద్ధతిలో శుద్ధి చేసి పంచుతారు. అంత దూరం తోడి అంత శుద్ధి చేసిన నీటి ధర ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఊళ్లో ఒకచోట నాణెం వేస్తే నీళ్లిచ్చే కుళాయి ఉంది. కొన్ని పార్కుల్లో స్నానానికి కూడా నాణెం వేయాలి. నిమిషాల లెక్కన నీళ్లొచ్చి ఆగిపోతాయి.

మెల్‌బోర్న్ నుంచి వచ్చిన పెద్దాయనకి ఇది కొత్త. దారి పొడుగునా ఎర్రదుమ్ము పట్టిన కారవాన్‌ని పైపు పెట్టి కడగబోతాడు. వద్దనగానే ముఖం చిన్నబుచ్చుకుంటాడు, కొందరు గొంతు పెంచుతారు. ఇక్కడ తాత్కాలికంగా ఉన్నవాళ్లందరికీ ఒక మాట నాలుక చివర ఉంటుంది: “నాదేం లేదండీ, ఓనరు పెట్టిన రూలు.” ఆ మాట అనకండి. అది అన్న మరుక్షణం ఆ నియమానికి మీరు అండగా లేరని అవతలి మనిషికి తెలిసిపోతుంది. బేరం మొదలవుతుంది. “ఓనరు లేడు కదా, ఈ ఒక్కసారికీ” అంటాడు. పైగా లేని మనిషిని చెడ్డవాణ్ని చేసి మీరు మంచివాళ్లు అనిపించుకున్నట్టవుతుంది. దానికి బదులు కారణం చెప్పండి. “ఈ నీళ్లు ఇరవై నాలుగు కిలోమీటర్ల నుంచి వస్తాయండీ, ఉప్పు తీసి ఇస్తారు. బండి కడగడానికి మేం ఇవ్వలేం. అద్దాలు తుడుచుకోవడానికి బకెట్ తెచ్చిస్తాను.” ‘మేం’ అన్న మాటలో యజమానితో పాటు మీరూ ఉన్నారు. బకెట్ తెచ్చి ఇవ్వడంలో ఆయన పట్ల మర్యాద ఉంది. ఇలా చెప్పాక ఇంకా పోట్లాడినవాళ్లు నాకు అరుదుగానే కనబడ్డారు.

నీటి మీటరు రోజూ రెండుసార్లు రాయాలి. పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారక ముందే ఇంకోసారి. అందరూ నిద్రపోయే వేళ కూడా మీటరు గబగబా తిరిగిందంటే ఎక్కడో గొట్టం కారుతోందని అర్థం. ఎడారి నేలలో తడి పైకి కనబడకుండానే ఇంకిపోతుంది, కనబడ్డది సూర్యుడు రాగానే ఆరిపోతుంది. కళ్లని నమ్ముకుంటే నెలాఖరు బిల్లు వచ్చేదాకా తెలియదు. ఒక్కో వరస వాల్వు మూస్తూ మీటరు చూస్తే కారేది ఏ వరసలోనో దొరుకుతుంది. గొట్టం మాత్రం మీరు తవ్వి బాగుచేయకండి. ఆ దేశంలో ప్లంబింగ్‌కీ ఎలక్ట్రికల్ పనులకీ లైసెన్సున్న మనిషే చేయాలన్నది చట్టం. మనదగ్గర ఇంటి ఫ్యూజు మనమే వేసుకునే అలవాటు. అక్కడ ఆ చొరవ చూపిస్తే ప్రమాదం, పైగా యజమాని బీమాకి ఎసరు.

కరెంటు గురించి కొంచెం తెలిస్తే చాలు. ప్రధాన విద్యుత్ గ్రిడ్డుతో ఈ ఊరికి సంబంధం లేదు. 2017 నుంచి గాలిమరలు, సోలార్ ప్యానెళ్లు, బ్యాటరీ, డీజిల్ జనరేటర్లు కలిసి ఊరికి కరెంటిస్తున్నాయి. కారవాన్ సైట్లలో 15 ఆంపియర్ల ప్లగ్గుంటుంది, మామూలు ఇళ్లలో ఉండేది పదే. మండుటెండలో ఒకరు ఏసీ వేసుకుని, దాంతో పాటే కెటిల్, టోస్టర్ పెడితే ఆ సైట్ బ్రేకర్ పడిపోతుంది. ఫిర్యాదు రాగానే పరిగెత్తకండి. ఆ ఒక్క సైట్‌కే పోయిందా, వరసంతా పోయిందా, పార్కంతా పోయిందా, ఊరంతా పోయిందా అని ఈ క్రమంలో చూస్తే మీరు చేయగలిగిందేమిటో, ఎవరికి ఫోన్ చేయాలో అరనిమిషంలో తేలుతుంది. కంగారులో ఉన్న మనసుకి చేతికొక క్రమం అందిస్తే అది నెమ్మదిస్తుంది. వేరే ఉద్యోగాల్లో కూడా ఇది నాకు ఉపయోగపడింది.

పార్కులో రద్దీ అంతా సాయంత్రమే. చీకటి పడ్డాక హైవే మీదికి కంగారూలు, పశువులు వస్తాయి. యాభై మీటర్లు దాటే పొడవున్న రోడ్ ట్రైన్లు కూడా అదే దారిలో వెళ్తుంటాయి. అందుకని కారవాన్లవాళ్లంతా పొద్దు గుంకేలోపే ఊరు చేరాలని చూస్తారు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, ముఖ్యంగా అక్కడి చలికాలమైన జూన్, జులై నెలల్లో, గంటన్నర వ్యవధిలో సగం పార్కు నిండిపోతుంది. దిగినవాళ్లు ఉదయం నుంచి స్టీరింగ్ పట్టుకుని ఉంటారు. దుమ్ము, ఈగలు, ఆకలి. ఆ స్థితిలో ఉన్న మనిషి మాట్లాడే తీరును బట్టి ఆయన స్వభావాన్ని అంచనా వేయకూడదు. ముందు నీళ్లు తాగమనండి, తరవాత కార్డు అడగండి.

కారవాన్‌ని వెనక్కి తీసి సైట్‌లో పెట్టడం పాతికేళ్లు కాపురం చేసిన దంపతుల మధ్య కూడా గొడవ తెస్తుంది. ఆయన వినడు, ఆవిడ చేతులూపుతుంది, చుట్టుపక్కలవాళ్లు కుర్చీలు వేసుకుని చూస్తుంటారు. వాళ్లని ఆ అవమానం నుంచి తప్పించడం మీ చేతిలో ఉంది. బుకింగ్ తీసుకునేటప్పుడే బండి పొడవు అడిగి, పొడవైన బండ్లకి ఇటు నుంచి వచ్చి అటు నేరుగా వెళ్లిపోయే సైట్లు కేటాయించండి. తప్పనిసరై వెనక్కి తీయాల్సి వస్తే, డ్రైవర్‌కి అద్దంలో కనబడే చోట నిలబడి, మీరొక్కరే సైగ చేయండి.

గది తాళమో రసీదో ఇచ్చేటప్పుడు రెండు జాగ్రత్తలు ప్రతి ఒక్కరికీ చెప్పాలి, నూరోసారైనా మొదటిసారి చెప్పినట్టే. మొదటిది గనుల గోతులు. ఊరి చుట్టూ కప్పు లేని నిలువు గోతులు లెక్కలేనన్ని. ఫొటో కోసం వెనక్కి అడుగులు వేయొద్దని బోర్డులే ఉన్నాయి. పిల్లలున్నవాళ్లకి ఇది కళ్లలోకి చూసి చెప్పండి. రెండోది రేపటి ప్రయాణం. దక్షిణంగా వెళ్తుంటే గ్లెన్‌డాంబో దాకా, అంటే దాదాపు 250 కిలోమీటర్లు, పెట్రోలు దొరకదు. ట్యాంకు నింపుకున్నారా, తాగే నీళ్లున్నాయా అని అడగడం మీ ఉద్యోగ పత్రంలో ఉండకపోవచ్చు, అయినా అడగండి. వృద్ధులు ఎక్కువగా వస్తారు కాబట్టి గుండె జబ్బు, షుగరు మందుల సంగతి కూడా మాటల్లో తెలుసుకుంటే మంచిది. ఊళ్లో ఆసుపత్రి ఉంది. పరిస్థితి విషమిస్తే 1928 నుంచి మారుమూల ప్రాంతాలకి సేవ చేస్తున్న రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ విమానం పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంది. అత్యవసర నంబరు 000. ఇది ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆ క్షణంలో మీకే గుర్తు రాకపోవచ్చు.

ఏ అప్పగింత పుస్తకంలోనూ లేని పరిస్థితి కూడా రావచ్చు. 2022 జనవరిలో ఆ ఎడారిలో కుండపోత కురిసి, కూబర్ పీడీకి దక్షిణాన స్టువర్ట్ హైవే నీట మునిగింది. రైలు మార్గం కూడా తెగింది. ఊళ్లో సరుకులు నిండుకుంటే వైమానిక దళ విమానంలో ఆహారం తెప్పించారు. అలాంటప్పుడు పార్కులో ఉన్నవాళ్లు ముందుకీ పోలేరు, వెనక్కీ పోలేరు. అద్దె తగ్గించాలా? కొత్తగా వచ్చేవాళ్ల బుకింగులు ఏం చేయాలి? ఎవరి దగ్గర ఏం తిండి ఉంది? యజమాని ఫోన్ దొరికితే సరే. దొరకకపోతే ఒకటే కొలత పెట్టుకోండి: రేపు యజమాని ఎదురుగా కూర్చుని ఈ నిర్ణయానికి కారణం చెప్పమంటే తడుముకోకుండా చెప్పగలనా? చెప్పగలిగితే చేయండి, చేసిన రోజే తారీఖు వేసి రాసిపెట్టండి. నా దృష్టిలో తాత్కాలిక బాధ్యతకి ఇంతకంటే నమ్మకమైన తూనిక లేదు.

ఒంటరితనం సంగతి కూడా చెప్పాలి. ఆఫీసు వెనకే మీ ఇల్లు. రాత్రి గంట మోగితే లేవాలి. వేసవిలో పార్కు ఖాళీ అవుతుంది, పగలు తలుపు తీయలేం. భార్యాభర్తలు ఇద్దరే, ఇరవై నాలుగు గంటలూ ఒకే పనిలో. గంటలు పంచుకోండి, ఒకరి గంటల్లో రెండోవాళ్లు ఆఫీసు వైపు తొంగి చూడకూడదు. మేము పాటించిన నియమాల్లో అన్నిటికన్నా మేలు చేసింది ఇదే. రోజుకొక్కసారైనా పార్కు గేటు దాటి ఊళ్లోకి వెళ్లండి. కూబర్ పీడీ చిన్న ఊరే అయినా గ్రీకులు, సెర్బులు, క్రొయేషియన్లు, ఇటాలియన్లు ఓపల్ కోసం వచ్చి స్థిరపడ్డారు. సెర్బులు భూమి లోపలే చర్చి తొలుచుకున్నారు. చుట్టూ ఉన్న నేల అంతకుముందు నుంచీ ఆదివాసీలది. 2011లో అంటకిరింజ మటు-యంకునిట్జట్జర ప్రజల హక్కును కోర్టు గుర్తించింది. ఊళ్లోవాళ్లతో మాట్లాడేటప్పుడు సలహాలు ఇవ్వడం కంటే వినడం ఎక్కువ చేయండి. రేపు ట్యాంకు పొంగినా ఫ్రీజర్ చెడినా ఆదుకునేది పోస్టాఫీసులోనో కిరాణా కొట్టులోనో పలకరించిన ఆ మనుషులే.

పని చేతిలో పడ్డాక, కొంత కాలానికి ఒక ఉబలాటం పుడుతుంది. ఈ బుకింగ్ పద్ధతి ఇలా ఎందుకు, ఆ బోర్డు అక్కడెందుకు, ఆ చెట్టు కొట్టేస్తే ఇంకో సైట్ వస్తుంది కదా అని. తెలివైనవాళ్లకి ఇది ఇంకా ఎక్కువ. ఆగండి. మీకు వింతగా కనిపించే ప్రతి ఏర్పాటు వెనకా ఒక పాత అనుభవం ఉండి ఉండొచ్చు. ఆ చెట్టు మధ్యాహ్నం రెండింటికి మూడు సైట్లకి నీడ ఇస్తుందని అక్కడ వేసవి అయిన జనవరిలో గాని తెలియదు. తోచినవన్నీ ఒక పుస్తకంలో రాసుకుని, యజమాని వచ్చాక చేతికివ్వండి. అమలు చేయాలో వద్దో ఆయన ఇష్టం. ప్రాణానికీ ఆస్తికీ ముప్పున్నవి మాత్రం ఆపకుండా చేయించండి.

మనకి ఈ విషయంలో పెద్ద ఆదర్శం భరతుడు. పద్నాలుగేళ్లు రాజ్యం చూసుకుని సింహాసనం మీద కూర్చోలేదు, అయోధ్యలో కూడా ఉండకుండా నందిగ్రామం నుంచి పాలించాడు. అంతవరకు అందరికీ తెలిసిన కథే. వాల్మీకి రామాయణంలో ఆ తరవాతి ఘట్టం మీద మనం అంతగా ధ్యాస పెట్టం. రాముడు తిరిగి రాగానే భరతుడు ఆయనకి పాదుకలు తొడిగి ఊరుకోలేదు. బొక్కసం, ధాన్యాగారం, నగరం, సైన్యం ఒకసారి చూసుకోమని అడిగాడు, అన్నీ పదింతలు అయ్యాయని చెప్పాడు. వినయంతో పాటు లెక్క కూడా అప్పగించాడు.

మీరు కూడా లెక్క అప్పగించండి. యజమాని వెళ్లిన రోజు నీటి మీటరు అంకె, వచ్చిన రోజు అంకె. గల్లాపెట్టెలో ఉంచి వెళ్లిన చిల్లర, ఇప్పుడున్నది. విరిగినవి, బాగుచేయించినవి, బాగుచేయించకుండా వదిలినవి. ఎవరు ఏ ఫిర్యాదు చేశారు, దానికి మీరేం జవాబిచ్చారు. ఈ రాత్రి ఏ సైట్‌లో ఎవరున్నారు, వాళ్లలో ఒంట్లో బాగాలేనివాళ్లెవరు. చెడ్డ వార్త ఏదైనా ఉంటే మొదటి పేజీలోనే ఉండాలి, ఏడో పేజీలో దాచకూడదు. ఆ కాగితాలు చదివి యజమాని మర్నాటి ఉదయం ఎవరినీ అడక్కుండా పార్కు నడపగలిగితే మీ పని అయిపోయినట్టే.

చివరిగా, ఇలాంటి పని ఒప్పుకోబోతున్నవాళ్లకి ఒక గట్టి సూచన. జీతం, వసతి మాట్లాడుకునేటప్పుడే, యజమాని ఊరెళ్లే ముందు రెండు రోజులు మీతో కలిసి పనిచేయాలని అడగండి. వచ్చాక కూడా ఒక రోజు కలిసి నడవాలని అడగండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఆ రోజులు కూడా ఇవ్వనన్న యజమాని దగ్గర, ఎంత డబ్బిస్తానన్నా, ఆ తాళాలు అందుకోకండి.